ట్రాక్టరు పొగగొట్టములో వాననీరు దిగకుండ తీసికొనవలసిన జాగ్రత్తలు

అమరావతి, తాడికొండ, పెదకూరపాడు మొదలు చిలకలూరిపేట, పర్చూరు, ఇంకొల్లు వరకు గల నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప సేద్యము నేడు చాలవరకు ట్రాక్టరుపై ఆధారపడి యున్నది. దుక్కి, గుంటక, మందు పిచికారి, పంట రవాణా అన్నిటికి అదియే. రైతు సోదరులు ఆయిలు, గాలి, నీరు శ్రద్ధగానే చూచుకొనుచున్నారు గాని, ఇంజను ముందు ఆకాశము వైపు నోరు తెరచుకొని నిలుచున్న పొగగొట్టమును గూర్చి తలచువారు తక్కువ. ఒక్క రాత్రి వాన ఆ గొట్టములో దిగినచో ఇంజను పాడగుటకు అవకాశము కలదు. దానిని నివారించుటకు అగు ఖర్చు స్వల్పము.

రేగడి భూములలో ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

రేగడిలో వాన కురిసిన తరువాత చక్రము దిగబడును. కొన్ని దినములు ట్రాక్టరును పొలములోనికి దింపుటకు వీలుండదు. తరువాత పదును వచ్చును. ఆ పదును ఎంతోకాలము నిలువదు. తప్పిపోయినచో నేల గట్టిపడి బీటలు వారును. కనుక మన ట్రాక్టరు వాన కురియునంతకాలము ఆరుబయట ఊరక నిలిచియుండును. తెరపి యిచ్చి పదును రాగానే తొందరలో స్టార్టు చేయబడును. నష్టమంతయు ఈ తొందరలోనే జరుగును.

పైగా మన ప్రాంతమునకు నైరుతి వానలతో పని తీరదు. ప్రత్తి తీత, మిరప సంరక్షణ జరుగు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే బంగాళాఖాతపు తుపానులు వచ్చును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు 1న కృష్ణా, గుంటూరు ప్రాంతములలో కురిసిన కుంభవృష్టి అందరికి జ్ఞాపకమే. ఇట్టి వానలు ఒకటి రెండు దినములలోనే కురిసిపోవును. గొట్టముపై మూత లేని యంత్రమునకు ఆ కొద్దికాలమే చాలును.

నీరు ఎట్లు దిగును? ఎంత దిగును?

ట్రాక్టరు పొగగొట్టమును నిలువుగా అమర్చుటకు కారణము కలదు. పొగ పైరుకు, డ్రైవరుకు తగలక పైకి పోవును. వేడి గొట్టము ఎండుగడ్డికి దూరముగా నుండును. లారీలకు మన దేశములో గొట్టము సాధారణముగా చట్రము క్రింద నుండుటచే వానికి ఈ చిక్కు అంతగా లేదు. అమెరికా వంటి దేశములలో పెద్ద లారీలకు నిలువు గొట్టములు గలవు. అచ్చట కూడ వంపు తల, రెప్పమూతలే వాడుకలో నున్నవి.

ఇంజను నడచుచున్నంతసేపు పొగ వేగముగా పైకి వచ్చుచుండుటచే చినుకులు లోనికి దిగవు. దిగినను వేడికి ఆవిరియగును. ప్రమాదము ఆగియున్న యంత్రమునకే.

5 సెంటీమీటర్ల వ్యాసము గల గొట్టపు నోటి వైశాల్యము సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. దానిపై 10 సెంటీమీటర్ల వాన తిన్నగా కురిసినచో సుమారు 196 మిల్లీలీటర్ల నీరు లోనికి పోవును. ఇందులో కొంత సైలెన్సరులో నిలిచిపోవచ్చును. మిగిలినది క్రిందికి జారి వాల్వుల దగ్గరకు చేరును. నాలుగు సిలిండర్ల ఇంజను ఏ స్థితిలో ఆగినను, ఏదో ఒక సిలిండరు పొగ వాల్వు తెరచియే యుండును. మూడు సిలిండర్ల ఇంజనులో కూడ చాలసార్లు ఇంతే. ఆ త్రోవన నీరు పిస్టను మీదికి చేరగలదు.

నీటివలన కలుగు నష్టము

డీజిలు ఇంజనులో పిస్టను పైకి వచ్చి గాలిని బాగుగా అదుముట వలననే డీజిలు మండును. ఉదాహరణకు 900 మిల్లీలీటర్ల సిలిండరులో, అదుము నిష్పత్తి 17 వంతులైనచో, పిస్టను పూర్తిగా పైకి వచ్చినపుడు మిగులు చోటు సుమారు 56 మిల్లీలీటర్లు మాత్రమే. అనగా చిన్న టీ గ్లాసెడు కూడ కాదు. గాలి అదిమిన కొలది అణగును, నీరు అణగదు. ఆ చోటును మించి నీరున్నపుడు సెల్ఫు నొక్కినచో, పైకి వచ్చు పిస్టను నీటిని గ్రుద్దుకొని ఆగిపోవును. మొదట స్టార్టరు 'టక్కు' మని నిలిచిపోవును. అప్పటికైనను విడువక మరల మరల నొక్కినను, వేరొక ట్రాక్టరుతో లాగించినను కనెక్టింగు రాడ్డు వంగును. అప్పుడు ఇంజను విప్పవలసినదే.

నీరు కొద్దిగా దిగినను నష్టము లేకపోలేదు. మసితో కలిసిన నీరు లోహమును తినివేయును. పొగ వాల్వు, దాని పీఠము త్రుప్పుపట్టును. వాల్వు కాడ బిగుసుకొనును. సిలిండరు గోడపై త్రుప్పు మచ్చలేర్పడి రింగులు పట్టుకొనును. తరువాత పొగ పెరిగి, బలము తగ్గును. కారణము మాత్రము రైతుకు తెలియదు.

నివారణ మార్గములు

1. రెప్పమూత: గొట్టపు కొనకు బిగించు బందు మూత ఇది. పొగ ఒత్తిడికి తెరచుకొని, ఇంజను ఆగగానే తన బరువుతో పడిపోవును. మరచిపోవుటకు తావులేదు గనుక ఇదియే ఉత్తమము. గొట్టపు వెలుపలి వ్యాసమును కొలిచి సరియైనది కొనవలెను. బందు డ్రైవరు వైపున, తెరచుకొను అంచు ముందుకో ప్రక్కకో ఉండునట్లు బిగించినచో పొగ ముఖమున కొట్టదు. మసి పట్టి బందు బిగిసినచో మూత సగము తెరచియే నిలుచును. కనుక వానకారుకు ముందు శుభ్రపరచి, చేతితో ఎత్తి విడిచి చూడవలెను.

2. వంపు తల: గొట్టపు చివర వంపు త్రిప్పించి, నోరు ప్రక్కకు ఉండునట్లు అతికించుట. తిన్నగా పడు వాన లోనికి పోదు. కాని తుపాను గాలికి ఏటవాలుగా కొట్టు జల్లు కొంత పోగలదు. తుపాను హెచ్చరిక ఉన్నపుడు దీనిపై కూడ మూత వేయవలెను.

3. బోర్లించిన డబ్బా: పైన చెప్పినవి లేనివారు ఇంటనున్న పాతరేకు డబ్బానో, మట్టి ముంతనో గొట్టముపై బోర్లించి త్రాటితో కట్టవచ్చును. గొట్టము పూర్తిగా చల్లారిన తరువాతనే కట్టవలెను. వేడి గొట్టముపై ప్లాస్టిక్ సంచి కరగి అంటుకొనును, గోనె నిప్పంటుకొనవచ్చును. గోనె ఒక్కటే కప్పినచో అది తడిసి నీటిని లోనికే కార్చును. స్టార్టు చేయుటకు ముందు డబ్బాను తీయుట మరువరాదు. ఇందుకు ఒక ఎర్రగుడ్డ పీలికను స్టీరింగుకు కట్టి ఉంచుట మంచి అలవాటు.

4. నిలుపు చోటు: పాక, రేకుల షెడ్డు ఉన్నచో వేరే యుపాయమే అక్కరలేదు. చెట్టు క్రింద నిలిపినంత మాత్రమున రక్షణ లేదు. వాన వెలిసిన తరువాత కూడ ఆకుల నీరు కారుచునే యుండును. షెడ్డులో తలుపులు మూసి ఇంజను నడుపరాదు, పొగ ప్రాణాంతకము.

5. నీరుపోవు రంధ్రము: కొందరు సైలెన్సరు అడుగు వంపున సన్నని రంధ్రము చేయింతురు. పాత ట్రాక్టర్లకు మెకానిక్కు సలహాతో చేయించవచ్చును. 50 హెచ్.పి.కి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నియమములు వచ్చినవి. అట్టి కొత్త యంత్రముల పొగమార్గమున రంధ్రము చేయరాదు.

ట్రాక్టరును లారీపై ఎక్కించి దూరము తీసికొనిపోవునపుడు కూడ గొట్టమును కట్టివేయవలెను. ఎదురుగాలికి రెప్పమూత తెరచుకొనును. టర్బో గల ఇంజనులో ఆ గాలి టర్బోను ఆయిలు లేకుండగనే త్రిప్పి అరగదీయును.

బావులవద్ద, కాలువగట్లపై వాడు ఒంటి సిలిండరు ఆయిలింజను విషయములో ఒక సులభోపాయము కలదు. ఇంజను ఆగిన తరువాత చేతితో త్రిప్పి, అదుము పట్టు తగిలి పిస్టను పైకి వచ్చినచోట నిలిపినచో రెండు వాల్వులును మూసికొని యుండును. గొట్టముపై డబ్బా ఎట్లును వేయవలెను.

నీరు దిగినదను అనుమానము కలిగినపుడు

మూత లేక వానలో నిలిచిన ట్రాక్టరును పదును తొందరలో సెల్ఫు నొక్కి చూడరాదు, త్రోయరాదు, లాగించరాదు. మెకానిక్కును పిలిచి ఈ క్రమమున చేయించవలెను.

మొదట ఆయిలు పుల్ల తీసి చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లగానున్నను, మట్టము పెరిగినను నీరు అడుగునకు చేరినదని గ్రహించి ఆయిలు, ఫిల్టరు మార్పించవలెను. పిమ్మట స్టాపరు లాగియుంచి, ఇంజెక్టర్లను ఊడదీయించి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పించవలెను. నీరున్నచో ఆ రంధ్రములగుండ చిమ్మును. ముఖము దగ్గర పెట్టరాదు. నీరు పూర్తిగా పోయిన తరువాత ప్రతి సిలిండరులో కొంచెము ఇంజను ఆయిలు పోసి మరల త్రిప్పి, ఇంజెక్టర్లను బిగించి స్టార్టు చేయవలెను. బాగుగా వేడెక్కువరకు నడిపినచో మిగిలిన తేమ ఆరిపోవును. వరదలో మునిగిన ట్రాక్టరు సంగతి వేరు. దానిని పూర్తిగా విప్పి చూడవలెను.

ఈ పనికి ఒక పూట పట్టును. ఆ పూటకు ఓర్వలేక సెల్ఫు నొక్కినచో ఇంజను వారముల తరబడి షెడ్డున పడియుండును. ఆలోగా పదును పోవును, గుంటక ఆగును, కలుపు పైరును మించును. అద్దె ట్రాక్టరు కొరకు తిరిగినను, ఆ దినములలో ఊరంతకు పని ఉండుటచే అది దొరకదు.

యంత్రముల పోషణ నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ లభించును. వివరములకు గ్రామములోని రైతు సేవా కేంద్రమున విచారించవచ్చును.

ప్రత్తి, మిరప రైతులు తొలకరికి ముందు విత్తనము, ఎరువు సిద్ధము చేసికొనునట్లే పొగగొట్టపు మూతను కూడ ఒకసారి చూచుకొనవలెను. సాయంకాలము ట్రాక్టరు దిగి తాళము తీయునపుడు, మూత పడినదో లేదో తలయెత్తి చూచుట డ్రైవర్లకు అలవాటు కావలెను.