ముఖానికి పూసే ముందు

దక్షిణ రాయలసీమలోని తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ముఖానికి పూసుకునే దినుసులకు కొదవ లేదు. శేషాచలం కొండల రక్తచందనం, తోటల మామిడి, పెరటి నిమ్మ, వంటింటి పసుపు తరతరాలుగా ఇక్కడివారికి సుపరిచితాలు. అయితే తినదగినదంతా ముఖానికి పూయదగినది కాదని చర్మ నిర్మాణమే తెలుపుతుంది.

చర్మపు పైపొరలో మృతకణాలు ఇటుకల వలె, వాటి నడుమ కొవ్వు పదార్థాలు అడుసు వలె అమరి, లోపలి తేమను పోనీయక, బయటి సూక్ష్మజీవులను రానీయక కాపాడుతుంటాయి. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ మానంలో ఈ పొర విలువ సుమారు 5 కాగా, నిమ్మరసం విలువ 2, 3 మధ్య ఉంటుంది, వంటసోడా ద్రావణం విలువ 8 దాటుతుంది. ఈ మానంలో ఒక్క అంకె తేడా పది రెట్లకు సమానం గనుక, ఈ రెండూ ఆ గోడను బలహీనపరుస్తాయి. పైగా నిమ్మలో, ముఖ్యంగా తొక్కలో, ఉండే ఫ్యూరానోకౌమరిన్లు అనే రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మకణాలను గాయపరచి, బొబ్బలను, నెలల తరబడి మాయని మచ్చలను కలిగిస్తాయి.

మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన తగిలితే చర్మం పొక్కుతుందని చిత్తూరు రైతు కుటుంబాలకు తెలుసు. సొనలోను, తొక్కలోను ఉండే ఆ ఘాటు పదార్థాలు నల్లజీడి గింజలోని వాటికి దగ్గరివి కావడంతో, మామిడి తొక్కతో ముఖం రుద్దుకోవడం కొందరికి తీవ్రమైన దద్దుర్లు తెస్తుంది. ఇక రక్తచందనం నరికివేతను, రవాణాను చట్టం కఠినంగా నియంత్రిస్తున్నందున, విడిగా అమ్మే ఎర్రని పొడి అసలుదో, రంగు కలిపిన రంపపు పొట్టో కొనేవారు చూపుతో తేల్చుకోలేరు.

చామనచాయ చర్మంలో మెలనిన్ అనే వర్ణకం చురుకుగా ఉంటుంది గనుక, మంట, వాపు తగ్గిన చోట అది మరింత పేరుకుని చర్మం నల్లబారుతుంది. మచ్చ పోవాలని పూసినదే కొత్త మచ్చను మిగల్చడానికి కారణమిదే.

అందువలన ఏ పూతనైనా ముందుగా ముంజేతి లోపలి వైపు కొద్దిగా రాసి, రెండు మూడు రోజులు గమనించాలి. మొటిమలపైన, గాయాలపైన పూయరాదు. మంట పుడితే వెంటనే మంచినీటితో కడిగి, అది తగ్గకుంటే తిరుపతి రుయా వంటి ప్రభుత్వాసుపత్రిలోని చర్మవైద్యులను సంప్రదించాలి. మెలనిన్ ఎండ నుంచి చర్మాన్ని కాచే సహజ రక్షణ గనుక, చామనచాయను తుడిచివేయవలసిన లోపంగా పిల్లలకు నేర్పకపోవడమే ఇంటి పెద్దలు ముందుగా చేయదగిన మేలు.