ఓడలో వికారం, బస్సులో వాంతి

జనగామ వాడికి సముద్రపు వికారంతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. కానీ విశాఖపట్నం నుండి అండమాన్ పోయే ఓడలో మనిషిని మంచాన పడేసే బాధా, భూపాలపల్లి బస్సులో పరకాల దాటకముందే మా అమ్మకు వచ్చే వాంతీ ఒక్కటే. మహబూబాబాదుకు రైల్లో పోతే ఆమెకేమీ కాదు. బస్సు భయంతోనే ఏడాదిగా అక్క ఇంటికి పోలేదు. ఊళ్ళో దీన్ని పిరికితనమంటారు. శుద్ధ తప్పు. 1805 ట్రఫాల్గర్ యుద్ధ వీరుడు నెల్సన్ కూడా ఓడలో వికారంతో అవస్థపడ్డవాడే.

తగాదా అంతా చెవికీ కంటికీ. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలలో ద్రవం కదిలి, ఊగుతున్నావని మెదడుకు కబురు పంపుతుంది. గది గోడను చూసే కన్ను, లేదు కదలడం లేదంటుంది. మాటలు కలవక కడుపు తిప్పుతుంది. లోపలి చెవి బొత్తిగా పనిచేయని వారికి ఈ బాధే లేదు. అంధులకు మాత్రం వస్తుంది!

అందుకే గదిలో ముడుచుకోక, ఓడ నడిమి భాగంలో గాలి తగిలేచోట నిలబడి, నింగీ నీరూ కలిసే గీతను చూడాలి. బస్సులోనైతే ముందు సీటు, దూరపు రోడ్డు. (ముందరి ఆడవారి సీట్లలో కూర్చునే మన మిత్రులు కాస్త గమనించాలి.) చదవరాదు. ఖాళీ కడుపూ నిండు కడుపూ రెండూ చెరుపే. ప్రోమెథజిన్ మాత్ర డాక్టరునడిగి బయలుదేరక ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక కడుపులో నిలవదు. నిద్ర తెస్తుంది గనుక డ్రైవరుకు పనికిరాదు. మరో మందు స్కోపోలమిన్, మన చేనుగట్ల మీది ఉమ్మెత్తలో ఉండేదే. అట్లని ఉమ్మెత్త నమిలేరు, ప్రాణం పోతుంది.

ఓడలో రెండు మూడు రోజులకు చాలామందికి అలవాటవుతుంది. అప్పుడు రేవులో దిగితే నేలే ఊగుతున్నట్టుంటుంది.