మొదటేడు... అడిగితే గట్టెక్కొచ్చు!

ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి డ్రాయింగ్ చెబుతున్నాను. పదిహేడేళ్లయింది. ఏటా కౌన్సెలింగ్ అయిపోయి క్లాసులు మొదలవగానే స్టాఫ్‌రూముకి వచ్చే తల్లుల ప్రశ్నలు దాదాపు ఒకటే. ‘‘మెస్సులో పెరుగేస్తారా? వార్డెన్ మంచావిడేనా? ర్యాగింగ్ ఉందా?’’

అడగాల్సినవే. ర్యాగింగ్ మీద మనకి 1997 నుంచీ చట్టం ఉంది. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522ని అమ్మాయి ఫోనులో వేసి మరీ పంపండి. కానీ నేను చూసినంతలో మొదటేడు పిల్లల్ని ఎక్కువగా కుంగదీసేది అది కాదు, మెస్సు సాంబారు అసలే కాదు. మొదటి మిడ్ మార్కులు!

కారణం ఇంటర్‌లోనే ఉంది. రెండేళ్లపాటు తెల్లారకముందే బెల్లు, స్టడీ అవర్లు, అచ్చేసిన మెటీరియల్, వారం వారం పరీక్ష, గోడమీద ర్యాంకుల పట్టిక. ఏం చదవాలో, ఎప్పుడు చదవాలో అన్నీ ఎవరో చెబుతారు. పక్కమ్మాయికి నోట్సిస్తే మన ర్యాంకు పోతుందన్న భయం ఒకటి. ఇక్కడికొచ్చాక బెల్లు కొట్టి లేపేవాళ్లుండరు. సిలబస్ చేతిలో పెట్టి రెండు మిడ్‌లు, సెమిస్టర్ చివర పరీక్ష అంటాం. హాజరు 75 శాతం ఉండాలంటాం. మా జె.ఎన్.టి.యు. కాలేజీల్లో 65 దాటితే తగిన కారణం చూపి మినహాయింపు అడగొచ్చు. అంతకన్నా తగ్గితే డిటెన్షనే.

ఇక నా సబ్జెక్టు సంగతి. ఇందులో బట్టీ పనికిరాదు. ముందునుంచి చూసిన బొమ్మ పైన వేయాలి, పైనుంచి చూసిన బొమ్మ కింద వేయాలి. ‘పైనుంచి చూసింది కింద ఎందుకొస్తుంది?’ అని ఏటా సగం క్లాసు తెల్లమొహం వేస్తుంది.

సబ్బుపెట్టె పాఠం

2018లో చేరిన ఒకమ్మాయి గురించి చెప్పాలి. పేరొద్దు. మిరప పండించే కుటుంబం. ఇంటర్‌లో తొమ్మిదొందల అరవై దాటాయి. మొదటి మిడ్‌లో డ్రాయింగ్ పాతిక్కి ఆరు, లెక్కల్లో ఏడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను. ‘‘బాగా రాశానమ్మా’’ అని చెప్పేది. తర్వాత క్లాసుకి రావడం మానేసింది. తిండి కూడా సరిగా తినడం లేదని రూమ్మేటే వచ్చి నాకు చెప్పింది.

పిలిపించి కూర్చోబెడితే అరగంటకి గానీ అసలు మాట బయటికి రాలేదు. ఒక్క సబ్జెక్టు తప్పినా చదువు మాన్పించి బావతో పెళ్లి ఖాయం చేసేద్దామని పెదనాన్న ముందే అన్నాడట. ‘‘నాకు బుర్ర లేదు మేడం. ఇంటర్‌లో అన్ని మార్కులెలా వచ్చాయో!’’ అంది.

‘‘అర్థం కానిది ఎవర్నన్నా అడిగావామ్మా?’’

‘‘అడిగితే నవ్వుతారు మేడం.’’

ఆ రూమ్మేటుకి డ్రాయింగ్ వచ్చు, సి ప్రోగ్రామింగ్ రాదు. ఈ పిల్లకి అది మంచినీళ్ల ప్రాయం. రోజూ ఒక గంట నువ్వు దానికి అది చెప్పు, అది నీకు ఇది చెబుతుంది అన్నాను. మూడో రోజుకి ఇంకో ఇద్దరు కలిశారు.

ఆ రూమ్మేటు చేసిందేమిటంటే, గది మూలకి వెళ్లి సబ్బుపెట్టె పట్టుకుంది. గోడమీద పడేది ముందు బొమ్మ, నేలమీద పడేది పైబొమ్మ. ఇప్పుడు నేలని కిందికి మడిచి గోడతో కలిపి చదును చేశామనుకో, పైబొమ్మ కిందికి రాదూ? అంతే! బోర్డుమీద నేను చెప్పేదీ ఇదే. అయినా స్నేహితురాలి సబ్బుపెట్టెతోనే ఎక్కింది. నాకేం చిన్నతనం లేదు, ఇప్పుడు నేనూ క్లాసుకి సబ్బుపెట్టె పట్టుకెళ్తున్నాను.

రెండో మిడ్‌లో డ్రాయింగ్ పదిహేడు వచ్చాయి. సెమిస్టర్‌లో లెక్కలు మాత్రం పోయాయి. తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. ‘‘మేడంగారూ, ఏడాదంతా పోయినట్టేనా?’’ కాదమ్మా, ఒక్క పేపరు మిగిలింది, సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, పై ఏడాదికి కావాల్సిన క్రెడిట్లొస్తే క్లాసు ఆగదు అని చెప్పాను. ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ గట్టి మనిషి. ఇంటికెళ్లి ‘‘ఒక పరీక్ష మిగిలింది, రాస్తుంది’’ అందట. ‘తప్పింది’ అన్న మాట ఆ ఇంట్లో వినపడనివ్వలేదు. పిల్ల రాసింది, పాసయింది. పెళ్లి మాట అప్పటికి ఆగింది.

గిండీలో ఒక్కతే

అయ్యలసోమయాజుల లలితగారి పేరు విన్నారా? మన తెలుగావిడే. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒళ్లో పసిపాప. అలాంటి స్థితిలో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి 1940ల్లో పట్టా పుచ్చుకున్నారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్కతే. చదువు ఆవిడకి కష్టం కాలేదు, హాస్టల్లో ఒంటరితనం కష్టమైంది. అక్కడే ప్రొఫెసరుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావుగారు మరికొందరు అమ్మాయిల్ని చేర్చుకునేలా చూశారు. అలా సివిల్‌కి లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా వచ్చారు. కూతురికి సీటు ఇప్పించిన తండ్రి తోడు గురించి కూడా ఆలోచించడం నాకు భలే నచ్చుతుంది.

ఇప్పుడు మన దగ్గర సీట్లలో మూడోవంతు అమ్మాయిలకే కేటాయింపు. క్లాసునిండా ఆడపిల్లలే. అయినా మొదటి మిడ్ అయ్యాక ఎవరి గదిలో వాళ్లు ఏడ్చేవాళ్లెందరో!

అందుకే తల్లులకి చెబుతుంటాను. చేరగానే మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామని పెడతారు. పాఠాలుండవు కదా అని అమ్మాయిని ఇంట్లో ఉంచేయకండి. స్నేహాలు కుదిరేది అప్పుడే. ఫోను చేస్తే ‘ఎన్నొచ్చాయి?’ తర్వాత అడగండి. ‘ఎవరితో కూర్చుని చదువుతున్నావే?’ అని ముందడగండి. ‘ఒక్కదాన్నే’ అందంటే ఆ వారమే బస్సెక్కి ఒకసారి వెళ్లిరండి.

ఇంకొకటి. మినీడ్రాఫ్టరు, డ్రాయింగ్ బోర్డు కొత్తవి కొనకండి. సీనియర్ల దగ్గర తక్కువలో దొరుకుతాయి. ఆ బేరం మీ అమ్మాయినే చేయనివ్వండి, ఒక అక్క పరిచయమవుతుంది. డ్రాఫ్టరు స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోమనండి. వదులైతే గీతలన్నీ వంకరే!