తుపాకి పాతదే... తూటా ఎక్కుతుందా?

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే లైసెన్సు ఆయుధాలు మామూలుగా పోలీస్ స్టేషన్‌కు చేరాల్సిందే. 2023 నవంబర్ 30న అసెంబ్లీకి, 2024 మే 13న లోక్‌సభకు పోలింగ్ జరిగింది. ఆరు నెలల్లోపే రెండుసార్లు డిపాజిట్ అన్నమాట. తిరిగి తెచ్చుకున్న పిస్తోలును బీరువాలో పెట్టి తాళం వేయడమే తప్ప, అది పనిచేస్తుందో లేదో చూసేవారు తక్కువ. మందు కొట్టే పంపుకైతే సీజన్‌కు ముందే నాజిల్ విప్పుతాం, వాషరు మారుస్తాం, ఉత్త నీళ్లతో ఓసారి కొట్టి చూస్తాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అక్కరకొస్తుందని దాచిన వస్తువుకు ఆ పాటి పరీక్ష కూడా లేకపోతే ఎట్లా?

భూపాలపల్లి వైపు గోదావరి గాలి, వానాకాలపు చెమ్మ ఇనుమును ఊరికే వదలవు. తోలు సంచి చెమ్మను పీల్చి పట్టుకుంటుంది. అందులోనే ఏళ్ల తరబడి ఉంచిన పిస్తోలుకు సంచి తగిలిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. సంచి వేరుగా, ఆయుధం వేరుగా పొడి నూలుగుడ్డలో దాచుకోవాలి.

తాతల నాటి నుంచి ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా .32 కొలత పిస్తోళ్లే. వెబ్లీ అండ్ స్కాట్, బ్రౌనింగ్, కోల్ట్ వంటి విదేశీ రకాలు కొన్ని, మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల 'అశని' కొన్ని. ఈ తూటా 1899 నాటి బ్రౌనింగ్ పిస్తోలుతో వచ్చింది. అంటే నూట పాతికేళ్ల పాతది. దీని అడుగున కొద్దిగా బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. తంటా అంతా ఆ అంచుతోనే.

మ్యాగజైన్‌లో తూటాలు ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక్కి పడిందో, పై తూటా ముందుకు కదలబోయి కింది దాని అంచుకు తట్టుకుని ఆగిపోతుంది. స్లైడు ఎంత లాగినా లాభం ఉండదు, మ్యాగజైన్ ఊడదీసి సరిచేయాలి. పొట్టి తూటాలు వాడితే లోపల ఖాళీ మిగిలి ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. నింపేటప్పుడు ఒక్కో తూటా ఎట్లా కూర్చుంటోందో కంటితో చూసుకోవడమే దీనికి మందు.

పరీక్షకు కూర్చునే ముందు మొదట మ్యాగజైన్ బయటికి తీయాలి. ఆ తర్వాతే స్లైడు వెనక్కి లాగాలి. గదిలో తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ఈ వరుస తారుమారైతే పై తూటా మళ్లీ గదిలోకి ఎక్కుతుంది. మ్యాగజైన్ తీశాం కాబట్టి పేలదనుకోవడం ప్రాణాంతకం. చాలా పాత రకాలు మ్యాగజైన్ లేకున్నా పేలుతాయి. గొట్టం ఎప్పుడూ ఇసుక బస్తా వైపే ఉండాలి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండొద్దు, పిల్లలు అసలే ఉండొద్దు.

నా లెక్కన పిస్తోలు కంటే ముందు అనుమానించాల్సింది మ్యాగజైన్‌నే. పై పెదవులు రెండూ సమానంగా ఉన్నాయా, ఒకటి విచ్చుకుందా? పక్కన సొట్ట పడిందా? లోపలి పలకను వేలితో నొక్కి వదిలితే చివరి దాకా చురుగ్గా లేస్తుందా, మధ్యలో ఆగుతుందా? స్ప్రింగు బలహీనపడితే చివరి రెండు తూటాల దగ్గర బయటపడుతుంది. పెదవులను పట్టకారుతో వంచే సొంత వైద్యం మాత్రం వద్దు. ప్రతి మ్యాగజైన్ అడుగున రంగుతో 1, 2 అని అంకె వేసుకోవాలి. ఇది చిన్న పనే గానీ, ఇది లేకుండా చేసే పరీక్ష దండగ.

ఇంటి దగ్గర డమ్మీ తూటాలతో చేతితో ఎక్కించి దించి చూడొచ్చు. ఖాళీ పిస్తోలు ట్రిగ్గర్‌ను మాటిమాటికీ నొక్కితే పాత ఫైరింగ్ పిన్ను విరగవచ్చు. నిజమైన తూటా పరీక్ష మాత్రం అనుమతి ఉన్న రేంజిలోనే. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. వెళ్లేముందు రేంజి వారిని, లైసెన్సు ఇచ్చిన అధికారులను అడిగి తెలుసుకోవాలి. బావి కాడ, చెలకల్లో గాల్లోకి కాల్చి చూస్తామంటే కుదరదు. 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం ప్రకారం ఇతరులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రేంజిలో మొదట ఒకే తూటా నింపి కాల్చాలి. తర్వాత రెండు. ఒక్కసారి నొక్కితే రెండూ పేలితే అక్కడే ఆపి మెకానిక్‌కు ఇవ్వాలి. అంతా బాగుంటే నిండా నింపి ఒక్కో మ్యాగజైన్‌ను కనీసం మూడుసార్లు ఖాళీ చేయాలి. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎట్లా ఆగింది అని కాగితంపై రాసుకోవాలి. ఒకటో నంబరులోనే ఆగుతుంటే తప్పు ఆ మ్యాగజైన్‌ది. రెండింట్లోనూ ఆగితే పిస్తోలునో, తూటాలనో చూడాలి. పచ్చగా చిలుము పట్టిన తూటాలతో పరీక్ష చేసి పిస్తోలును తిట్టి లాభం లేదు.

టక్కుమని కొట్టి పేలకపోతే గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు మందంగా వస్తే ఇంకో తూటా కాల్చనే వద్దు. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, వెనక తూటా తగిలితే గొట్టం చీలుతుంది. ఖాళీ చేసి గొట్టంలోంచి వెలుతురు కనపడుతుందా చూడాలి.

మరమ్మతు లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరే. బాగుపడదని తేలితే చట్టప్రకారం డీలరుకు అమ్మవచ్చు, స్టేషన్‌లో అప్పగించవచ్చు. ఏది చేసినా లైసెన్సు పుస్తకంలో నమోదు చేయించాలి. ఇంకో మాట. పొలం మీద పడే అడవిపందుల కోసమని ఈ పిస్తోలును బయటికి తీయకండి. అది ఆ పనికి వచ్చే ఆయుధం కాదు, పైగా వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. రేంజిలో కాల్చిన తూటాల లెక్క రాసి, ఖాళీ గుల్లలు దాచి ఉంచండి. కొత్తవి కొనబోయినప్పుడు అడగవచ్చు.