వ్రతం పండ్లతో వెన్న కేకు!

సత్యనారాయణ వ్రతం చక్కగా జరిగింది. ప్రసాదం పంచారు. మరి బుట్టలో మిగిలిన డజను అరటిపండ్లో? మూడో రోజుకల్లా తొక్క మీద నల్లమచ్చలు. పిల్లలు ముట్టరు. "బర్రెకు వెయ్యరాదూ" అంటుంది అత్తగారు. ఎల్లారెడ్డిపేటలోనే కాదు, ఏ ఊళ్లో చూసినా ఇదే ముచ్చట.

అదే ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజొస్తే సిరిసిల్ల నుంచి కేకు తెప్పించాలి. ఎండాకాలమైతే బండి మీద ఇల్లు చేరేసరికి కేకు మీద రాసిన పేరు కాస్తా కారిపోతుంది. ఈ రెండు చిక్కులకూ మందు ఒక్కటే. ఆ పండ్లతోనే ఇంట్లో మసాలా కేకు చేసేయడం. ఒవెన్ లేదని బెంగపడకండి.

అరటికీ కేకుకూ మన దేశంలో పాత చుట్టరికమే ఉంది. 1883లో కేరళలోని తలస్సేరిలో మాంబల్లి బాపు తొలి క్రిస్మస్ కేకు చేశారంటారు. చేయమని అడిగింది మర్డాక్ బ్రౌన్ అనే దాల్చినచెక్క తోట దొర. బ్రాందీకి బదులు కదళి అరటి, జీడిమామిడి పండ్ల సారా కలిపారట. సారా సంగతి మనకొద్దు గానీ, దొరికినదాంతో సర్దుకోవడం మనకు తెలియని విద్యా?

పండు మగ్గేకొద్దీ అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే నల్లమచ్చల పండే కేకుకు మేలు. బూజు పట్టినా, పులిసిన వాసన వచ్చినా మాత్రం పారేయండి.

కావలసినవి

మైదా ఒకటిన్నర కప్పు, బాగా మగ్గిన అరటిపండ్లు 3, చక్కెర ముప్పావు కప్పు, నూనె అర కప్పు, చిక్కటి పెరుగు అర కప్పు, బేకింగ్ పౌడర్ 1 చెంచా, వంటసోడా ముప్పావు చెంచా, దాల్చినచెక్క పొడి 1 చెంచా, జాజికాయ పొడి పావు చెంచా, లవంగాలు 2, యాలకులు 4 (పొడి చేసి), చిటికెడు ఉప్పు. పూజ పండ్లు కదా, అందుకే గుడ్డు లేకుండా చెబుతున్నాం.

చేసే విధానం

దళసరి గిన్నెలో రెండంగుళాల మేర ఇసుక గానీ ఉప్పు గానీ పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి 10 నిమిషాలు వేడి చేయండి. మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు, మసాలా పొడులు కలిపి రెండుసార్లు జల్లించండి. పండ్లు మెత్తగా చిదిమి చక్కెర, నూనె, పెరుగు వేసి గిలకొట్టండి. ఇందులో పిండి వేసి పైపైన కలపండి. ఎక్కువసేపు కలిపితే మైదా సాగి కేకు గట్టిపడుతుంది. పెరుగు పులుపు తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేయకుండా, నూనె రాసి పిండి చల్లిన టిన్నులో పోసి గిన్నెలో పెట్టండి. సన్నని సెగ మీద 45 నుంచి 55 నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట మూత తీయకండి. చివర శుభ్రమైన పుల్ల గుచ్చి చూడండి. తడి అంటకపోతే ఉడికినట్లే.

పైన ఐసింగ్

ఇంట్లో తీసిన వెన్న 100 గ్రాములు తీసుకుని, నీరంతా పిండేసి తెల్లగా గిలకొట్టండి. 200 గ్రాముల చక్కెరను 2 చెంచాల కార్న్‌ఫ్లోర్‌తో మెత్తగా మిక్సీ పట్టి, జల్లించి, కొద్దికొద్దిగా కలపండి. అర చెంచా వెనిలా ఎసెన్స్ చాలు. మన ఎండలకు వెన్న నిలవదు. గిన్నె కింద ఐసుముక్కలు పెట్టుకుని కలపండి. కేకు పూర్తిగా చల్లారాకే పూయండి. తొందరపడితే ఐసింగ్ పాలలా కారిపోతుంది.

కోసేదాకా ఫ్రిజ్‌లో ఉంచండి. మొదటి ముక్క పుట్టినరోజు బిడ్డకు. రెండోది, పండ్లు బర్రెకు వెయ్యమన్న అత్తగారికి!