నొప్పి బిళ్లలు - మూత్రపిండములు

నాట్లు, కోతలు జరుగు దినములలో నడుము నొప్పి యెరుగని రైతు అరుదు. సాయంకాలమున అంగడికేగి రెండు బిళ్లలు కొని మ్రింగి, మరునాడు మరల మడిలో దిగుట మనకు వాడుకయైనది. బిళ్ల నొప్పిగల చోటికే పోయి పనిచేయునని పలువురి తలంపు. అది సరికాదు. బిళ్ల నెత్తురులో గలిసి దేహమంతటను వ్యాపించును.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఒకే కుటుంబమునకు జెందినవి. దెబ్బ తగిలినచోట వాపును, నొప్పిని కలిగించు ప్రోస్టాగ్లాండిన్లను పదార్థముల పుట్టుకను ఇవి ఆపును. ఈ సంగతిని 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. 1982లో నోబెల్ బహుమానము పొందిన మువ్వురిలో ఆయన యొకడు. అయితే ఆ పదార్థములే కడుపులోని పొరను ఆమ్లమునుండి కాపాడుచు, మూత్రపిండములకు నెత్తురు చక్కగా బారునట్లు చేయుచున్నవి. ఒక చేనిలో నీరెక్కువైనదని కాలువ తూమునే మూసినచో దిగువ చేలన్నియు నెండును గదా!

ఎండలో చెమటోడ్చి నీరు చాలక యున్నపుడు మూత్రపిండములకు ఆ పదార్థముల యవసరము మిక్కిలి హెచ్చు. మనము బిళ్ల మ్రింగునది సరిగా అప్పుడే. రక్తపు పోటునకు మందులు వాడువారిలో పెక్కురకు అపాయము మరింత. మలము తారువలె నల్లనైనచో కడుపులో నెత్తురు కారుచున్నదేమో యని వెంటనే వైద్యుని జూడవలెను.

డైక్లోఫెనాక్‌ను మన పశువులకును సూదిమందుగా నిచ్చెడివారు. ఆ మందు పడిన పశువు చచ్చినపుడు కళేబరము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి, దేహమున యూరికామ్లము తెల్లగా పేరుకొని చచ్చుచున్నవని 2004లో తేలినది. పక్షి దేహమునకును మన దేహమునకును భేదము గలదు. కాని చెడిన అవయవ మొక్కటే. భారత ప్రభుత్వము 2006లో పశువుల కీ మందును నిషేధించినది. దానికి బదులు మెలాక్సికామ్ గలదు. మనుష్యుల సీసాను తెచ్చి ఎద్దునకు పొడిపించువా రింకను గలరు. అది తగని పని.

పారాసిటమాల్ వేరు జాతి. మోతాదులో వాడిన కడుపును అంతగా బాధింపదు. పెద్దవారికి దినమునకు 4 గ్రాములు, అనగా 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిది, మించినచో కాలేయము చెడును. కల్లు, సారాయి అలవాటుగలవారి కంతకంటె తక్కువయే హద్దు. జలుబు బిళ్లలు పెక్కింటిలో నున్నదియు నిదియే. పేర్లు వేరని రెండును మ్రింగినచో మోతాదు రెట్టింపగును. అట్టమీది చిన్న యక్షరములను బడి పిల్లలచేనైనను చదివించుకొనుడు.

గుండె జబ్బునకై వైద్యుడు చిన్న మోతాదున ఆస్పిరిన్ వ్రాసియిచ్చినవారు మాత్రము దీనిని జదివి తమంతట మానరాదు. అట్లు మానుటవలన గుండెపోటు వచ్చు భయము గలదు.