మాదకద్రవ్యాలు – హింసాత్మక నేరాలు

1. పరిచయం
మీరు బాగ్ లింగంపల్లిలోనో అశోక్‌నగర్‌లోనో గది తీసుకుని చదువుకుంటున్నారనుకుందాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో దినపత్రిక తెరవగానే ‘గంజాయి మత్తులో హత్య’ అనే శీర్షిక కనిపిస్తుంది. మత్తే హత్య చేయించిందని వెంటనే నమ్మేస్తాం. ఆ నమ్మకాన్ని పరీక్షించడం ఈ భాగం ఉద్దేశం.

2. మూడు రకాల సంబంధం
అమెరికా పరిశోధకుడు పాల్ గోల్డ్‌స్టీన్ 1985లో ఈ సంబంధాన్ని మూడు రకాలుగా వర్గీకరించారు.
అ) మత్తు ప్రభావ హింస: మత్తులో విచక్షణ కోల్పోయినప్పుడు, లేదా మత్తు అందక చిరాకు పెరిగినప్పుడు జరిగేది.
ఆ) ఆర్థిక నిర్బంధ హింస: మత్తు కొనడానికి డబ్బు కోసం చేసే దోపిడీలు.
ఇ) వ్యవస్థాగత హింస: అక్రమ వ్యాపారంలోని బాకీలు, మోసాలు, పోటీల వల్ల జరిగేది. ఆ వ్యాపారంలో మోసపోయినవాడు కోర్టుకు వెళ్లలేడు. అందుకే తగాదా కత్తులతో తేలుతుంది.

3. ఒక అధ్యయనం
1988లో న్యూయార్క్‌లో జరిగిన 414 హత్యా ఘటనలను గోల్డ్‌స్టీన్ బృందం పరిశీలించింది. మద్యాన్ని కూడా కలిపి చూస్తే, 218 ఘటనలకు మత్తు పదార్థాలతో సంబంధం ఉంది. వాటిలో 162 వ్యవస్థాగతమైనవి. మత్తు ప్రభావం వల్ల జరిగినవి 31 మాత్రమే. వీటిలోనూ అధికభాగం మద్యానివే. ఆర్థిక నిర్బంధం వల్ల 8 జరిగాయి. మిగిలిన 17 ఒకటికి మించిన రకాలకు చెందినవి. అది క్రాక్ కొకైన్ వ్యాపారం ఉధృతంగా ఉన్న కాలం. కాబట్టి ఈ అంకెలను హైదరాబాదుకు యథాతథంగా వర్తింపజేయరాదు. వర్గీకరణ మాత్రం మనకూ ఉపయోగపడుతుంది.

4. మన అనుభవం
1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. కూలి డబ్బులు సారా దుకాణానికి పోవడం, తాగివచ్చిన భర్తల చేతిలో దెబ్బలు తినడం వారి బాధ. ఆ సారా ప్రభుత్వ వేలంపాటల ద్వారా చట్టబద్ధంగా అమ్ముడయ్యేది. అంటే హింసకు మూలం పదార్థం నిషిద్ధం కావడం ఒక్కటే కాదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాక దొంగరవాణా పెరిగింది. 1997లో నిషేధాన్ని సడలించారు. నిషేధం మొదటి రకం హింసను తగ్గించవచ్చు, కానీ మూడో రకానికి చోటివ్వవచ్చు.

5. పరిష్కారాలు
కారణం మారితే మందు కూడా మారాలి. వ్యాపార ముఠాలకు పోలీసు చర్య అవసరం. వ్యసనపరుడికి చికిత్స అవసరం. 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే, 64ఎ సెక్షన్ అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. మీ గదిలోని మిత్రుడే ఈ స్థితిలో ఉంటే, ‘నేరస్థుడు’ అనే ముద్ర అతన్ని ఆసుపత్రికి దూరం చేస్తుంది. జాతీయ సహాయ నంబరు 14446 అతనికి చెప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
ఈ వారం పత్రికలో వచ్చిన ఒక మత్తు నేర వార్తను ఎంచుకోండి. అది మూడింటిలో ఏ రకానికి చెందుతుంది? అలా నిర్ణయించడానికి వార్తలో ఉన్న ఆధారాలేమిటి, లేనివేమిటి?